కప్పు సంగతి కార్తీకంలోనే తేల్చుకోవాలి

2025 అక్టోబరు 29న మోంథా తుపాను వాన హనుమకొండ, వరంగల్ కాలనీలను ముంచెత్తి పోయిన నాలుగైదు రోజులకు, మా వీధి చివరి ఇంట్లో తెల్లవారుజామున పడకగది కప్పు నుంచి చేటంత పెచ్చు ఊడి మంచం మీద పడింది. రోజూ ఆ మంచం మీద పడుకునే పిల్లవాడు ఆ రాత్రి అమ్మమ్మ వచ్చిందని ముందు గదిలో ఆమె పక్కన పడుకున్నాడు కాబట్టి, ఇవాళ ఆ సంగతి మామూలు గొంతుతో చెప్పుకోగలుగుతున్నాం. చూడటానికి వెళ్ళిన వాళ్ళందరితోనూ ఆ ఇంటాయన ఒకే మాట అన్నారు: "ముప్పై ఏండ్ల సంది ఒక్క చుక్క కారలేదు సార్, ఇదెట్ల ఊడుతది?"

అదే వారం నర్సంపేట దగ్గరి మా ఊళ్ళో, అమ్మ ఒక్కతే ఉంటున్న పెంకుటిల్లు ఐదు చోట్ల కారింది. తమ్ముడు ఫోన్ చేసి, "ఇగ ఆ ఇల్లు పనికిరాదన్నా, ఎండకాలంల కూలగొట్టి రేకులన్న ఏద్దాం, స్లాబన్న పోద్దాం" అన్నాడు. నేనూ సరేనన్నాను. ఆ తర్వాత రెండు ఇళ్ళనూ నిదానంగా చూశాక నా అభిప్రాయం తలకిందులైంది. కారిన ఇంటికి కప్పు మార్చే అవసరం లేదు, కారని ఇంటికేమో ఎప్పుడో మార్చి ఉండవలసింది. ఈ తేడా కంటికి కనిపించే రోజులు ఏడాదిలో కొన్నే ఉంటాయని, అవి మనమంతా పని పెట్టుకునే రోహిణి కార్తె రోజులు కావని, బతుకమ్మ పండుగకూ చలి ముదిరే కాలానికీ నడుమ ఉన్న ఆరేడు వారాలేనని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఎండాకాలపు తీర్పు

మన వైపు కప్పు గురించిన ఆలోచన మే నెలలో పుడుతుంది. మృగశిర దగ్గర పడుతున్న కొద్దీ మేస్త్రీలకు ఫోన్లు పెరుగుతాయి. అప్పటికి గోడలోని తడి ఆరి నాలుగైదు నెలలు అయి ఉంటుంది. నాని ఉబ్బిన వాసం ఎండి మామూలుగా కనిపిస్తుంది. కప్పు మీది మచ్చ వెలిసిపోయి, అది పోయిన ఏడాదిదో అంతకు ముందటి ఏడాదిదో చెప్పలేని స్థితికి వస్తుంది. అప్పుడు వచ్చిన మేస్త్రీ చూసేది కప్పును కాదు, కప్పు గురించి మనం చెప్పే మాటలను. "ఈ మూలకు కారింది" అని మనం వేలు చూపిస్తే ఆ మూలకే మందు వేస్తాడు.

ఇది ఇతరుల సంగతిగా చెప్పడం లేదు. 1994లో కట్టిన మా సొంత ఇంటికి మూడు ఎండాకాలాలు వరుసగా నేను ఇదే చేశాను. మొదటి ఏడు డాబా మీద తెల్లటి పూత వేయించాను. రెండో ఏడు గుడ్డ పరిచి దాని మీద మరో పూత వేయించాను. మూడో ఏడు విసుగు పుట్టి రెండంగుళాల కాంక్రీటు పోయించాను. మూడు వానాకాలాల్లోనూ మెట్ల పక్క గది గోడ తడుస్తూనే ఉంది. నాలుగో ఏడు సంక్రాంతికి, ఆకాశంలో మబ్బు తునక కూడా లేని రోజున, అదే గోడ తడిగా ఉండటం మా ఆవిడ చూసింది. పిట్టగోడ అడుగున పోయే ట్యాంకు పైపు పగిలి, మోటారు వేసిన ప్రతిసారీ నీరు గోడలోకి దిగుతోంది. వానలు ఆగిన నెల రోజుల తర్వాత ఆ గోడను ఒక్కసారి చెయ్యి పెట్టి చూసి ఉంటే ఆ డబ్బంతా మిగిలేది. వాన లేనప్పుడు కూడా ఆరని తడి కప్పుది కాదు, పైపుదని తెలుసుకోవడానికి ఇంజనీరు అక్కరలేదు. కానీ ఆ సంగతి వానాకాలంలో తెలియదు, ఎండాకాలంలో అసలు గుర్తుకే రాదు.

వానలు వెనుదిరిగిన తర్వాతి వారాల్లో ఇల్లు ఒక వరుసలో ఆరుతూ వస్తుంది. ఏ మచ్చ నాలుగు రోజుల్లో పోయింది, ఏది మూడు వారాలున్నా అంచులు తగ్గలేదు, ఏది పోయినట్టే పోయి వాన లేకుండానే మళ్ళీ వచ్చింది అన్న మూడు విషయాలు గమనిస్తే చాలు, సగం నిర్ణయం జరిగిపోతుంది. మొదటిది ఎక్కువసార్లు జారిన పెంకో, పూడుకుపోయిన నీటి గొట్టమో అయి ఉంటుంది. రెండోది కప్పు లోపలే నీరు నిలుస్తోందని చెబుతుంది. మూడోదాని కథ ఇప్పుడే చెప్పాను.

ఇక్కడే మన పండుగ ఒకటి అడ్డు వస్తుంది. దసరాకు సున్నం వేయడం మన ఇళ్ళలో తప్పదు. వానలన్నీ తిన్న గోడ తన సంగతి చెప్పబోయే సమయానికి దాని మీద తెల్లగా పూసేస్తాం. ఆ ఏడు దసరా అక్టోబరు 2న వచ్చింది. సెప్టెంబరు చివర మా ఇంట్లో రంగులు వేసే మనిషి మచ్చను గీకుతుంటే నేనే దగ్గరుండి "ఇంకో కోటు వెయ్యి" అన్నాను. అలవాటు అంత బలమైనది. సున్నం మానమని అనడం లేదు. డబ్బా మూత తీసే ముందు కప్పునంతా ఫోన్‌లో ఫొటోలు తీసుకుంటే చాలు.

చలి బాగా ముదిరిన తర్వాత చూస్తే మరో మోసం ఉంటుంది. డిసెంబరు తెల్లవారుజామున ఇనుప రేకుల కింద నీటి చుక్కలు వేలాడతాయి. అవి మంచం మీద పడితే రేకుకు చిల్లు పడిందనుకొని ఎక్కి తారు పూసిన వాళ్ళు నాకు తెలుసు. అది కారడం కాదు. రాత్రి చల్లబడిన రేకుకు గదిలోని ఆవిరి తగిలి నీరవుతుంది, చల్లటి చెంబుకు బయట చెమట పట్టినట్టు. దానికి కావలసింది గాలి పోవడానికి దారి, కొత్త రేకు కాదు.

దబ్బనంతో పరీక్ష

నవంబరు రెండో వారంలో ఊరికి వెళ్ళాను. మా ఇంటి కప్పు పని ఎరిగిన వడ్లాయనకు, అంటే వడ్రంగికి, డెబ్బై దాటాయి; నిచ్చెన ఎక్కనని ముందే చెప్పి వచ్చాడు. వచ్చీ రాగానే కారిన చోట్లు చూస్తాడనుకున్నాను. ఆయన వాకిలి దాటి వీధిలోకి పోయి, ఎదురింటి అరుగు మీద నిలబడి, చాలాసేపు కప్పు నడినెత్తి వైపు, అంటే కొప్పు వైపు చూశాడు. తర్వాత మా తమ్ముడితో రెండు కొసలకూ దారం పట్టించాడు. నడుమ రెండు వేళ్ళ వంగు ఉంది. నా గుండె జారింది. ఆయన మాత్రం అమ్మ వైపు తిరిగి, "వదినె, ఇది అన్న ఉన్నప్పటిదేనా?" అని అడిగాడు. "కప్పిన మూడో ఏడే దిగింది, అప్పటి సంది అంతే ఉన్నది" అంది అమ్మ. అంతటితో ఆ వంగు సంగతి ముగిసింది. వంగి ఆగిపోయిన దూలం వేరు, ఏడాదికేడాదికి వంగుతున్న దూలం వేరు. ఒక్కసారి చూసి ఈ తేడా చెప్పగలిగే మనిషి లేడు; ఇంట్లో ఉన్నవాళ్ళ జ్ఞాపకమే దానికి ఆధారం.

తర్వాత వడ్ల బస్తాలు కుట్టే దబ్బనం అడిగాడు. దాన్ని పట్టుకొని లోపలి నుంచి ఒక్కొక్క వాసం కొసనూ, అది గోడ మీద కూర్చునే చోట, పొడుస్తూ పోయాడు. కర్ర ఎప్పుడూ నడుమ నుంచి చెడదట. చూరు దగ్గర, గోడ తడి తగిలే చోట మొదలవుతుందట. గట్టి కర్రలో దబ్బనం బియ్యపు గింజంత దిగి ఆగిపోయింది. వంటింటి వైపు మూడు వాసాల్లో మాత్రం సగం దాకా, మక్కజొన్న బెండులో దిగినట్టు దిగింది. వాటి పక్క గోడ మీద చెదల మట్టిదారి ఇంకా తడిగానే ఉంది. ఎండాకాలంలో అయితే ఆ దారి ఎండి రాలిపోయేదని, ఊడ్చేసేవాళ్ళమని ఆయన అన్నాడు. నల్లమద్ది దూలాలు రెండింటికీ దెబ్బ లేదు. బాపు, అంటే మా నాన్న, 1971లో వేయించినవి.

మరి ఐదు చోట్ల ఎందుకు కారింది? కోతుల వల్ల. ఈ మాట చదివి నవ్వే వాళ్ళు మా జిల్లాల వాళ్ళు కారు. గుంపు ఒకసారి కప్పు మీదుగా పోయిందంటే నలభై పెంకులు జారతాయి, పది పగులుతాయి. పూర్వం ఏటా వానలకు ముందు పెంకు తిప్పించేవాళ్ళు. ఇప్పుడు తిప్పేవాళ్ళు తగ్గారు, తిప్పించినా నెల నిలవదు. నిజానికి మన ఊళ్ళలో పెంకుటిళ్ళు పోవడానికి వానల కన్నా, పాతబడటం కన్నా కోతులే పెద్ద కారణమని నా నమ్మకం. అయినా అది కప్పు చెడటం కాదు. ఐదు చోట్ల కారిన ఆ ఇంటికి కావలసింది మూడు వాసాలు, ఓ నూట యాభై పెంకులు, రెండు రోజుల పని.

తమ్ముడు ఒప్పుకోలేదు. "మూడు వాసాలంటున్నరు, ఇప్పి చూస్తే ముప్పై ఎల్తయి" అన్నాడు. ఆ భయం తీసిపారేసేది కాదు. విప్పడం తేలిక, మళ్ళీ కూర్చడం కష్టమన్నది హనుమకొండ వాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. మన వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పితే, అది మళ్ళీ తెరుచుకున్నది 2024 మార్చిలో. కానీ తమ్ముడి మాటలో ఒక లోపం ఉంది. విప్పితే ఏమి బయటపడుతుందో తెలియదన్నది మొత్తం కూలగొట్టడానికి కారణం కాదు. పొడి కాలంలో, ముందు వానలు లేని నెలలు చేతిలో ఉండగా విప్పాలనడానికే అది కారణం. మే చివర విప్పి ముప్పై వాసాలు తేలితే ఏమి చేస్తాం? టార్పాలిన్ కట్టుకొని మబ్బుల వైపు చూస్తాం.

ఇక రేకుల సంగతి. సిమెంటు రేకులు చవక, తొందరగా అయిపోతాయి. కోతులు దూకితే అవీ పగులుతాయి. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ అనే రాతినార ఉంటుంది. కోసినా పగలగొట్టినా లేచే ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం. తీయవలసి వస్తే నీళ్ళు చల్లి, బోల్టులు విప్పి, రేకుకు రేకుగా దించాలి తప్ప గునపంతో పొడిచి కింద పడేయకూడదు. ఇప్పటికీ మన వైపు గునపమే నడుస్తోంది.

కారని స్లాబు

పెచ్చు ఊడిన ఇంటికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది అదే. ఊడిన చోట చువ్వలు కనిపిస్తున్నాయి. ఒక్కో చువ్వ తుప్పుతో పొరలు పొరలుగా ఉబ్బి ఉంది. ఇనుము తుప్పుగా మారితే అది ముందున్న చోటు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు కోరుతుంది. లోపలి నుంచి వచ్చే ఆ ఒత్తిడికే కాంక్రీటు విడిపోతుంది. చువ్వ కింద కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలన్నది నియమం. ముప్పై ఏళ్ళ కిందట మన మేస్త్రీలు చువ్వ కింద కంకర రాయి పెట్టి పోసేవాళ్ళు. ఆ రాయి జారిన చోట చువ్వ కింద అచ్చుగా పెట్టే సెంట్రింగు చెక్కనే తాకి ఉండేది. అలాంటి చోట గాలి, తేమ చువ్వను చేరడానికి కప్పు కారవలసిన పని లేదు. పైన నిలిచిన తడి లోపలే తిరుగుతూ ఉంటుంది, కింద చుక్క పడదు.

ఆ ఇంట్లో మిగతా గదులు కూడా చూశాం. వెదురు కర్రతో కప్పును తట్టుకుంటూ పోతే కొన్ని చోట్ల కణకణమని, కొన్ని చోట్ల ఖాళీ కుండను తట్టినట్టు డొల్లగా మోగింది. డొల్ల మోగిన చోట్ల పగుళ్ళు ఒకదాని పక్కన ఒకటి జానెడు ఎడంతో గీతలు గీసినట్టు పోతున్నాయి. అది చువ్వల ఎడం. కప్పు మీద సాలెగూడు లాగా ఎటుపడితే అటు పోయే సన్న పగుళ్ళు ప్లాస్టరింగువి, వాటికి భయపడనక్కరలేదు. గీతల్లా సాగే పగుళ్ళు, వాటి వెంట గోధుమరంగు చార, తడితే డొల్ల శబ్దం, ఈ మూడూ ఒకే చోట కలిస్తే మాత్రం అది పూతతో పోయే జబ్బు కాదు. ఆ ఇల్లు చూడటానికి వచ్చిన ఇంజనీరు రెండు గదులకూ కలిపి చెప్పిన మాట కూడా అదే: పడకగది స్లాబు కొట్టి కొత్తది పోయాలి, ముందు గదికి చువ్వలు శుభ్రం చేసి మరమ్మతు సరిపోతుంది.

ఇంజనీరు డాబా మీదికి వెళ్ళి చూసి మరో సంగతి అడిగారు, "ఎన్నిసార్లు పోశారు?" అని. ఆ ఇంటాయన కూడా నాలాగే పోయించారు, కాకపోతే రెండుసార్లు. లెక్క వేసుకుంటే నాకు చెమట పట్టింది. వంద గజాల కప్పు మీద రెండంగుళాల కాంక్రీటు అంటే దాదాపు పది టన్నులు. వెయ్యి లీటర్ల ట్యాంకు మరో టన్ను. నాలుగైదంగుళాల స్లాబు నెత్తిన, దాని చువ్వలు తుప్పు పడుతున్న కాలంలో, మనం ప్రతి ఎండాకాలం బరువు పెంచుతూ పోతున్నాం. మన పక్కనే ములుగు జిల్లాలో 1213 నాటి రామప్ప గుడి ఉంది. దాని శిఖరానికి నీటిలో తేలేంత తేలిక ఇటుకలు వాడారు. మా డాబా మీద నేను పోయించిన దాన్ని చూస్తే ఆ శిల్పులు ఏమనుకునేవారో.

పగుళ్ళ విషయంలో కూడా కాలం ముఖ్యం. పది మీటర్ల స్లాబు ముప్పై డిగ్రీల తేడాకు సుమారు మూడు మిల్లీమీటర్లు సాగుతుంది, ముడుచుకుంటుంది. మే ఎండలో స్లాబు సాగి ఉన్నప్పుడు పిట్టగోడ మొదట్లోని పగులు సన్నగా ఉంటుంది. అప్పుడు పూడిస్తే జనవరి చలికి అది ముడుచుకొని మళ్ళీ నోరు తెరుస్తుంది. చల్లటి రోజుల్లో, పగులు వెడల్పుగా ఉన్నప్పుడే పూడ్చాలి. కొత్త కాంక్రీటుకు కూడా నలభై అయిదు డిగ్రీల ఎండ శత్రువే. పోసిన గంటల్లోనే పైతడి ఎగిరిపోయి నెర్రెలిస్తుంది.

అయితే పత్తి ఎవరు ఏరాలి?

ఇంతవరకు రాసింది చదివి మా తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. కార్తీకంలో ఊళ్ళో మనిషి దొరకడు. ఒక పక్క వరి కోతలు, ఇంకో పక్క పత్తి ఏరుడు. ఆ రోజుల్లో కప్పు పనికి రమ్మంటే రెండింతల కూలి అడుగుతారు, అడగడంలో తప్పూ లేదు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నేను చెప్పగలిగింది, చూడటం వేరు, చేయించడం వేరు అని. చూసే పని ఒక దబ్బనంతో, ఒక కర్రతో ఒక పూటలో అయిపోతుంది. దానికి కూలీలు అక్కరలేదు. చేయించడం జనవరి, ఫిబ్రవరి దాకా ఆగినా నష్టం లేదు. పైగా పత్తి వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్టుకు చేరి చేతిలో డబ్బు ఆడే కాలం కూడా అదే; మే నాటికి ఆ డబ్బు విత్తనాలకో, మాఘ ఫాల్గుణాల పెళ్ళిళ్ళకో పోయి ఉంటుంది. పుష్యం శూన్యమాసం కదా అని అమ్మ అంది. మూడు వాసాలు మార్చడం గృహప్రవేశం కాదని వడ్లాయనే ఆమెకు సర్దిచెప్పాడు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. చలికాలంలో కప్పిన కప్పు మీదే మార్చి, ఏప్రిల్‌లలో వడగండ్లు పడతాయి. 2023 మార్చిలో మన జిల్లాల్లో పంటలతో పాటు రేకులూ పెంకులూ ఎన్ని పగిలాయో చూశాం. కాబట్టి కొత్త పెంకు కప్పినా, పగిలినవి మార్చుకోవడానికి మరో యాభై దగ్గర పెట్టుకోక తప్పదు.

మూడోది, వానలు ఎప్పుడు ఆగాయని అనుకోవాలి? ఆ ఏడు దీపావళి పోయాక కూడా మోంథా వచ్చింది. పైగా కొన్ని వానలు సాక్ష్యానికి పనికిరావు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. అలాంటి వానకు మంచి కప్పు కూడా కారుతుంది. కాబట్టి ఎంత కారిందన్నది వదిలేసి, వాన పోయాక ఎలా ఆరిందన్నదే చూడమంటున్నాను.

ఇందిరమ్మ ఇంటి జాబితాలో పేరు వస్తే ఐదు లక్షలు వస్తాయి కదా, అప్పటిదాకా దీని మీద ఖర్చెందుకు అనేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు. పేరు వచ్చిన వాళ్ళు కట్టుకోవలసిందే. కానీ ఆ ఎదురుచూపులో పుచ్చిన మూడు వాసాల కింద పొయ్యి పెట్టుకొని కూర్చోవడం నాకు సమ్మతం కాదు.

అమ్మ మాత్రం ఈ చర్చలో ఎక్కడా కలగజేసుకోలేదు. చివరి రోజు నేను బయలుదేరుతుంటే వంటింట్లోకి పిలిచి గోడ చూపించింది. తడి మచ్చ చుట్టూ బొగ్గుతో గీత, దాని లోపల మరో గీత, దాని లోపల ఇంకొకటి, ఒడ్డు విడిచి పోతున్న చెరువు నీటి గుర్తుల్లాగా ఉన్నాయి. వాన ఆగినప్పటి నుంచి నాలుగు రోజులకొకసారి గీస్తోందట. "ఎండల అన్ని ఇండ్లు మంచిగనే ఉంటయ్ బిడ్డా" అంది. దసరాకు ఈ ఒక్క గోడకు సున్నం వేయనివ్వలేదని అప్పుడే తెలిసింది. బయటి గీతకూ లోపలి గీతకూ మధ్య జానెడు దూరం ఉంది. పొయ్యి వైపు మాత్రం మూడు గీతలూ కలిసిపోయి ఉన్నాయి, వడ్లాయన దబ్బనం దిగిన వాసాల సరిగ్గా కిందనే. పత్తి రెండో ఏరుడు అయిపోగానే ఆయన వస్తానన్నాడు. అప్పటిదాకా పొయ్యిని ఇవతలి గోడకు జరిపి వచ్చాను.